బ్యాటరీ లేని సాధనం నడకకు సాయపడేదెలా?

అనంతపురం జిల్లాలో గొర్రెల కాపరి మేత వెతుక్కుంటూ పొద్దంతా నడుస్తాడు. అలసట ఎందుకు? పిక్క కండరం ఊరికే బిగుసుకుని ఉన్నా శక్తి ఖర్చవుతుంది. స్ప్రింగుకు ఆ ఖర్చు లేదు.

అందుకే 2015లో అమెరికా శాస్త్రవేత్తలు కాలికి తొడిగే కార్బన్ ఫైబర్ చట్రం చేశారు. మోటారు, బ్యాటరీ లేవు. పాదం నేలకు ఆనినప్పుడు అందులోని క్లచ్ స్ప్రింగును పట్టుకుంటుంది. ఒళ్లు ముందుకు సాగేకొద్దీ మడమ వెనక స్ప్రింగు సాగుతుంది. మడమ లేచేటప్పుడు అది ముడుచుకుని కాలిని తోస్తుంది. కాలు గాల్లో ఉంటే క్లచ్ వదిలేస్తుంది. నడకకయ్యే శక్తి సుమారు 7 శాతం తగ్గింది. స్ప్రింగు మరీ బిగువైతే మాత్రం లాభం లేదు.

ఇలాంటి సాధనాల బరువూ ముఖ్యమే. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు కాలికి ఆసరాగా తొడిగే 3 కిలోల కాలిపర్లతో ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం క్షిపణుల్లో వాడే పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు.