ఇటుక, బల్లచెక్క, ఆముదము: ఘర్షణను కొలుచు ప్రయోగాలు

కందెన లేని బండి కిర్రుమనును. దానిని లాగు ఎద్దులు త్వరగా అలసిపోవును. కొయ్యచక్రాల బండ్లు నడచిన కాలమున నల్లగొండ, మహబూబునగరం ప్రాంతాల రైతులందరికీ ఇది తెలిసిన విషయమే. ఎద్దుల శ్రమలో కొంత భాగము ఇరుసువద్ద ఘర్షణకు లోనై, వేడిగా మారి వృథా అగుచున్నది. ఒకదానినొకటి తాకుచున్న రెండు తలముల మధ్య కదలికను అడ్డగించు బలమే ఘర్షణ. దీనిని తరగతిలోనే కొలిచి చూడవచ్చును.

మొదటి ప్రయోగమునకు ఒక బల్లచెక్క, రెండు ఇటుకలు చాలును. బల్లపై ఒక ఇటుకనుంచి, బల్ల ఒక కొనను మెల్లగా ఎత్తవలెను. కొంత ఎత్తువరకు ఇటుక కదలదు; ఆపైన జారిపోవును. అది జారనారంభించినప్పుడు పైకొన ఎత్తును, ఆ కొనకు సరిగా దిగువనున్న చోటినుండి క్రిందికొన వరకు నేలపై గల దూరమును కొలవవలెను. ఎత్తును దూరముచే భాగించినచో స్థైతిక ఘర్షణ గుణకము వచ్చును. ఎత్తు 30 సెంటీమీటర్లు, దూరము 60 సెంటీమీటర్లు అయినచో గుణకము 0.5. అయిదుమార్లు కొలిచి సగటు తీసికొనుట మంచిది.

ఇప్పుడు మొదటి ఇటుకపై రెండవదానిని పెట్టి కట్టినచో, ఏ వాలువద్ద జారును? ఉపాధ్యాయులు ముందుగా విద్యార్థులచేత ఊహ చెప్పించవలెను. బరువు పెరిగినది కనుక ముందే జారునని పలువురు తలంతురు. కాని వాలు దాదాపు మారదు. క్రిందికి లాగు బలముతోపాటు తలమును అదుము బలము కూడ రెట్టింపగుటయే దీనికి కారణము. ఇటుక పొడవును వాలు దిశలోనే ఉంచి, దానిని సన్నని ప్రక్కపై నిలిపినను ఫలితము ఇంచుమించు అదే. ఘర్షణ అదుము బలమునకు అనుపాతమనియు, తాకు వైశాల్యముపై ఆధారపడదనియు ఫ్రాన్సు దేశస్థుడు అమాంటన్ 1699లో ప్రకటించెను.

రెండవ ప్రయోగములో ఇటుకకు దారము కట్టి, సమతలముపై స్ప్రింగు త్రాసుతో లాగి, త్రాసు చూపు విలువను వ్రాసికొనవలెను. పిమ్మట ఇటుక క్రింద నాలుగైదు గుండ్రని పెన్సిళ్లుంచి లాగినచో ఆ విలువ ఎంతో తగ్గును. జారుటకన్న దొర్లుట సులభము. చక్రము చేయు మేలు ఇదే. అయితే కొయ్యచక్రమునందు రాపిడి పూర్తిగా పోదు; నేలవద్ద తగ్గి, ఇరుసువద్ద మిగులును. అందుకే కందెన అవసరమైనది.

మూడవ ప్రయోగమునకు అరచేతులే పరికరములు. పొడి చేతులను గట్టిగా అదిమి 20 మార్లు రుద్దినచో వేడెక్కును. నాలుగు చుక్కల ఆముదము రాసికొని మరల రుద్దినచో వేడి చాల తక్కువ. నూనెపొర రెండు తలములను వేరు చేయుటయే ఇందుకు కారణము. ఈ ప్రాంతపు చల్క నేలలలో వర్షాధారముగా పండిన ఆముదముతోనే, గడ్డిమసి కలిపి, రైతులు కందెన చేసికొనెడివారు. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆముదపు స్నిగ్ధత నీటికి సుమారు 1000 రెట్లు. అందువలన బరువు క్రింద కూడ అది త్వరగా జారిపోదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానాల ఇంజనులలో కూడ ఆముదమును వాడిరి. ప్రయోగమునకు అంగడిలో దొరకు నూనెనే వాడవలెను. గింజలలో రైసిన్ అను విషమున్నందున వాటిని పిల్లల చేతికీయరాదు.

ఘర్షణ శత్రువు మాత్రమే కాదు. అది లేనిచో ఎద్దుల గిట్టలు నేలపై నిలువవు. బండి కదలదు, కదలినది ఆగదు. ఇరుసువద్ద దానిని తగ్గించి, గిట్టవద్ద నిలుపుకొనవలెను. బడిలోని గచ్చు, నాపరాయి, గోనెసంచి, ఇసుక చల్లిన బల్ల మొదలగువాటిపై ఇవే కొలతలు తీసి పట్టిక వ్రాసినచో, ఘర్షణ ఎచ్చట మేలో, ఎచ్చట కీడో విద్యార్థులు స్వయముగా తేల్చుకొనగలరు.