అంగీకారం తెలుగులో అడగమందాం

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చినయంటే చాలు, మన దగ్గర ఇళ్లల్లో ఫోన్లు మోగుడు మొదలైతది. “మీ పాపకు ఫలానా ర్యాంకు వచ్చింది కదా, సీఎస్‌ఈలో మేనేజ్‌మెంట్ సీటు ఉంది” అంటారు అవతలివాళ్లు. మన పేరు, ర్యాంకు, నాన్న నంబరు వాళ్లకు ఎట్ల చేరాయో ఎవరూ అడగరు. మామూలే అని ఊరుకుంటాం.

అది మామూలు కాదని చెప్పే చట్టం ఒకటి వచ్చింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023. అందరూ డీపీడీపీ అంటున్నారు. సెమిస్టర్ సెలవుల్లో కూర్చొని చదివాను. మొత్తం 44 సెక్షన్లే. మన కాలేజీ బతుకుకు అది ఎక్కడెక్కడ తగులుతుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

కొంచెం వెనక్కి పోతే

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో, ఈ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే కాలేజీల మీద పడే అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నుంచి అవి పూర్తిగా అమల్లోకి వస్తాయి. కాలేజీలు సర్దుకోవాల్సిన సమయం ఇదే. మనం అడగాల్సిన సమయం కూడా ఇదే.

చట్టంలో రెండు మాటలు తెలిస్తే సగం అర్థమైనట్టే. ‘డేటా ప్రిన్సిపల్’ అంటే మన ప్రిన్సిపల్ సార్ కాదు, మనమే. ఆ వివరాలు ఎవరివో వాళ్లు. ‘డేటా ఫిడ్యూషియరీ’ అంటే ఆ వివరాలను ఎందుకు, ఎట్ల వాడాలో నిర్ణయించేవాళ్లు. మన లెక్కలో కాలేజీ. హాజరు యాప్‌ను బయటి కంపెనీ నడిపినా సరే, జవాబుదారీ కాలేజీదే. కంపెనీ మీదకు నెట్టేస్తే కుదరదు.

ఒక మెలిక ఉంది. ఈ చట్టం డిజిటల్ వివరాలకే. కాగితం మీద తీసుకున్నా తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే వర్తిస్తుంది. ఉత్త రిజిస్టర్‌లోనే ఉండిపోతే వర్తించదు.

వేలిముద్ర సంగతి

జేఎన్‌టీయూహెచ్ కింద ఉన్న కాలేజీల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపి కండొనేషన్ అడుక్కోవాలి. అంతకన్నా తగ్గితే డిటెన్షన్. ఈ లెక్కంతా బయోమెట్రిక్ మిషన్ మీద నడిస్తే, ఆ మిషన్ మన వేలిని గుర్తుపట్టకపోతే ఏం కావాలి?

ఇది ఊహ కాదు. సెలవుల్లో పత్తి ఏరేవాళ్లు, సిమెంటు పనికి పోయేవాళ్లు మన క్లాసుల్లో ఉన్నారు. పాలమూరు కూలీల చేతులు ఎట్లుంటాయో వేరే చెప్పక్కర్లేదు. వేలి గీతలు అరిగితే మిషన్ ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటూనే ఉంటుంది. ఇక్కడ మనకు పనికొచ్చేది 8వ సెక్షన్. ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే వివరాలు సంపూర్ణంగా, ఖచ్చితంగా ఉండేట్టు చూసుకోవడం సంస్థ బాధ్యత అని అందులో ఉంది. తప్పు వివరాలు సరిచేయమని అడిగే హక్కు 12వ సెక్షన్ ఇస్తుంది. “మిషన్‌లో లేదు కాబట్టి నువ్వు రాలేదు” అనే మాట ఇకమీద ఆఖరి మాట కాకూడదు.

ఇంకో భయం కూడా ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి కాగితాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు మీద నకళ్లు చేసి, వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేసి పోలీసులకు దొరికాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు పోతే ఏం మార్చుకుంటాం? అయినా మన చట్టం వేలిముద్రకు, ఫోన్ నంబరుకు తేడా చూపలేదు. రెండింటికీ ఒకటే రక్షణ. నాకు ఇది లోటుగానే కనిపించింది.

వద్దు అని అనగలమా?

అంగీకారం స్వేచ్ఛగా, ఒక ఫలానా పనికోసం, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టంగా ఇచ్చిందై ఉండాలని 6వ సెక్షన్ చెప్తుంది. ఆ పనికి అవసరమైన వివరాల వరకే అది చెల్లుతుంది. ప్లేస్‌మెంట్ సెల్‌కు రెజ్యూమె ఇస్తే కంపెనీలకు పంపొచ్చు, కోచింగ్ సెంటర్‌కు పంపకూడదు. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలికగా ఉండాలి.

కానీ ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు ఫారం ఇచ్చి ‘ఓకే’ నొక్కమంటే ఎవరైనా వద్దంటారా? ఈ ప్రశ్న స్వీడన్‌లో వచ్చింది. షెలెఫ్టియో పట్టణంలో ఒక స్కూలు 22 మంది పిల్లల హాజరును ముఖం గుర్తించే కెమెరాతో తీసుకుంది. అందరి దగ్గరా అంగీకారం తీసుకున్నామంది. పిల్లలు స్కూలు మీద ఆధారపడి ఉన్నప్పుడు అది స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారం కాదని చెప్పి, అక్కడి డేటా రక్షణ సంస్థ 2019లో 2 లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. హాజరు తీసుకోవడానికి అంతకన్నా తేలికైన దారులున్నాయి కదా అని కూడా అడిగింది. మన దగ్గర కూడా ఈ ప్రశ్న వేయాల్సిందే.

స్కాలర్‌షిప్ దారి వేరు. ప్రభుత్వం సబ్సిడీలు, ప్రయోజనాలు, సర్టిఫికెట్లు ఇవ్వడానికి మన వివరాలు వాడుకునే వీలు 7వ సెక్షన్ ఇచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం, కులం వివరాలు ఇవ్వక తప్పదు. కానీ ఆ సర్టిఫికెట్లను క్లాసు వాట్సాప్ గ్రూపులో వేయమనడం ఆ పనికి అవసరమైంది కాదు. హాజరు తగ్గినోళ్ల లిస్టును తండ్రుల ఫోన్ నంబర్లతో సహా గ్రూపులో పెట్టడం కూడా అంతే.

మన భాష ఇందులో ఎక్కడుంది

ఈ మేగజీన్‌లో ఇది రాయడానికి అసలు కారణం ఇదే. 5, 6 సెక్షన్ల ప్రకారం నోటీసును, అంగీకారం కోరే ఫారాన్ని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న ఏ భాషలో గానీ చదువుకునే వీలు మనకు ఇవ్వాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఒకటి. పైగా మాటలు సరళంగా ఉండాలని కూడా ఉంది.

ఫస్టియర్‌లో చేరేటప్పుడు చాలామందికి 18 నిండవు. చట్టం లెక్కలో వాళ్లు పిల్లలే. చదువుకు, భద్రతకు సంబంధించిన పనుల్లో విద్యాసంస్థలకు నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి. మిగతా వాటికి తల్లిదండ్రుల అంగీకారం కావాలి. దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో వచ్చిన తండ్రి నాలుగు పేజీల ఇంగ్లిష్ ఫారం ముందు పెట్టుకొని “సంతకం యాడ పెట్టాలె బిడ్డా” అని అడుగుతాడు. అది సంతకమే, అంగీకారం కాదు.

చట్టం ఇవ్వనిది

వివరాలు లీకయితే కాలేజీ ఆ సంగతి డేటా ప్రొటెక్షన్ బోర్డుకే కాదు, మనకు కూడా చెప్పాలి. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పడొచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయినోళ్లకు పైసా రాదు. పాత ఐటీ చట్టంలో పరిహారం కోరే 43ఏ సెక్షన్‌ను తొలగించే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది. ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారం పేరుతో కాదనే వీలు పెరిగింది. ఇవీ తెలిసి ఉండాలి.

మన క్లబ్బుతోనే మొదలు పెడదాం

ఫెస్టులకు గూగుల్ ఫారాలు పెట్టేది మనమే. పేరు, రోల్ నంబరు చాలు అనుకున్న చోట ఆధార్ అడగొద్దు. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసిన సర్టిఫికెట్లు మన ముందే తీసేయించాలి. ఇక ఫారం పైన ఈ నాలుగు ముక్కలు రాస్తే సరిపోతుంది:

“మీ పేరు, ఫోన్ నంబరు అడుగుతున్నాం. పోటీ సమయం చెప్పడానికే వాడతాం. ఎవరికీ ఇవ్వం. ఫలితాలు వచ్చిన నెలలో తీసేస్తాం. వద్దనుకుంటే ఎప్పుడైనా ఈ నంబరుకు చెప్పండి, అప్పుడే తీసేస్తాం. మా జవాబు నచ్చకపోతే బోర్డుకు ఫిర్యాదు చేయొచ్చు.”

ఇట్ల రాయడానికి లాయరు అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. కాలేజీ అడ్మిషన్ ఫారానికి కూడా ఇట్లాంటి తెలుగు నోటీసు రాసి ఆఫీసుకు ఇద్దామని నా ప్రతిపాదన. కలిసి రాద్దామనుకునేవాళ్లు వచ్చే క్లబ్బు మీటింగ్‌కు రండి.