వేళ దాటితే ఆకలి ఎందుకు చచ్చిపోతుంది?

ప్రశ్న: మధ్యాహ్నం ఒంటిగంటకు నకనకలాడిన కడుపు, పనిలో పడి తినకపోతే మూడింటికల్లా నెమ్మదిస్తుంది. లోపల మెతుకు పడలేదు కదా, మరి ఆకలి ఏమైనట్టు?

జవాబు: కడుపు ఖాళీ అయిందన్న కబురు కడుపు నుంచే వెళ్తుంది. దాన్ని అందుకుని మనకు తినాలనిపించేలా చేసేది మాత్రం మెదడు. మెదడు అడుగున హైపోథలామస్ అనే భాగం ఉంది. బాదంగింజంతే ఉంటుంది కానీ ఆకలి, దాహం, ఒంటి వేడి అన్నీ దాని కనుసన్నల్లోనే నడుస్తాయి.

ఆ కబురు మోసేవాటిలో ముఖ్యమైనది గ్రెలిన్ అనే హార్మోన్. దీన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కడుపు లోపలి గోడల్లో తయారై, రక్తంలో కలిసి హైపోథలామస్‌ను చేరుతుంది. అక్కడ ఆకలి పుట్టించే నాడీకణాలను తట్టి లేపుతుంది. ఇది మన అలవాటును కూడా అనుసరిస్తుంది. రోజూ ఒంటిగంటకు తినేవారికి ఆ వేళ దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. వేళ దాటిపోతే, తినకపోయినా చాలామందిలో కొంత తగ్గుతుంది. దానితోపాటే ఆకలీ మందగిస్తుంది. రాత్రి భోజనం వేళకు మళ్లీ పుంజుకుంటుంది.

అంతవరకూ ఒంటికి శక్తి ఎలా? అన్నం తిన్నప్పుడు వచ్చిన చక్కెరలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో నిల్వ ఉంటుంది. తిండి అందనప్పుడు ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ అనే హార్మోన్ పెరిగి, ఆ నిల్వ మళ్లీ చక్కెరై రక్తంలోకి వస్తుంది. కొవ్వు కూడా కరుగుతూ ఉంటుంది. ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానికే కావాలి. అందుకే ఈ సరఫరా ఆగడానికి వీల్లేదు.

ఇది పూటపూట లెక్క. నెలల తరబడి లెక్క చూసేందుకు ఇంకో హార్మోన్ ఉంది: లెప్టిన్. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువును గుర్తించింది. కొవ్వు కణాల నుంచి వచ్చే ఈ హార్మోన్, ఒంట్లో కొవ్వు ఎంత ఉందో మెదడుకు తెలుపుతుంది. తిండి బాగా తగ్గించి బరువు దిగితే లెప్టిన్ పడిపోతుంది. మెదడు దాన్ని కరువుగా భావించి ఆకలిని పెంచుతుంది, థైరాయిడ్ జోరు తగ్గించి ఖర్చును అదుపు చేస్తుంది. కష్టపడి తగ్గిన బరువు మళ్లీ రావడానికి ఇదొక ముఖ్య కారణం. దాన్ని నోరు కట్టుకోలేని బలహీనతగా చూడడం అన్యాయం.

ఒక జాగ్రత్త. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు ఆకలి పోయింది కదా అని భోజనం ఎగ్గొట్టకూడదు. అన్నం పడకపోయినా మందు తన పని తాను చేసుకుపోతుంది. చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగితే వెంటనే చక్కెర గానీ గ్లూకోజ్ గానీ తీసుకోవాలి. తర్వాత భోజనం చేసి, డాక్టరుకు సంగతి చెప్పాలి.