సైకిల్ డిస్క్ బ్రేకులో ఏ ఆయిల్ పోయాలి? మోటార్ సైకిల్ బ్రేక్ ఆయిల్ పనికొస్తుందా?

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలోనో, పక్కనే ఉన్న సాక్చీలోనో మోటార్ సైకిల్ మెకానిక్ కోసం ఎక్కువ దూరం వెతకాల్సిన పని లేదు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీసా అలాంటి షాపుల్లో మామూలుగానే దొరుకుతుంది. పైగా ఇది ఉక్కు, లారీల ఫ్యాక్టరీల ఊరు. హైడ్రాలిక్ ఆయిల్‌తో రోజూ పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది. ఫ్యాక్టరీ పనుల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అలాంటివారికి కొదవ లేదు.

అందుకే, పిల్లల గేరు సైకిల్‌కు బ్రేకు మెత్తబడితే రెండు సలహాలు వెంటనే వస్తాయి. ఒకటి, ‘బైకుకు పోసే బ్రేక్ ఆయిలే పోసేయండి’. రెండోది, ‘వర్క్‌షాపులో హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది కదా, కాస్త చాలు’. రెండూ తెలిసినవాళ్లు చెప్పే మాటల్లాగే ఉంటాయి. కానీ చాలా సైకిళ్ల విషయంలో రెండూ తప్పే. పోసిన రోజు బ్రేకు బాగానే పడుతుంది. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది.

ముందు చూడాల్సింది: అసలు ఆయిల్ బ్రేకేనా?

డిస్క్ ఉన్న ప్రతి సైకిల్‌కూ ఆయిల్ అక్కర్లేదు. తక్కువ ధర సైకిళ్లలో చాలావాటికి డిస్క్‌ను నొక్కేది ఉక్కు వైరే. చక్రం దగ్గర కాలిపర్ పక్కన వైరు బయటికి కనిపించి, నట్టుతో బిగించి ఉంటే అది వైరు బ్రేకు. దానికి వైరు బిగింపు సరిచేస్తే చాలు. లివర్ నుంచి కాలిపర్ దాకా మూసి ఉన్న సన్నటి గొట్టం ఒక్కటే ఉంటే అది హైడ్రాలిక్ బ్రేకు.

రెండు కుటుంబాలు, రెండు రబ్బర్లు

సైకిల్ బ్రేకుల్లో వాడే ద్రవాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మినరల్ ఆయిల్. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకులు దీనితో పనిచేస్తాయి. రెండోది డాట్ ద్రవం. అమెరికా రవాణా శాఖ ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలే ‘డాట్’. కార్లు, మోటార్ సైకిళ్లలో ఉండేది ఇదే. సైకిళ్లలో హోప్, హేస్ బ్రేకులు, స్రామ్ కంపెనీవి చాలావరకు దీన్నే వాడతాయి.

ఈ రెండింటి మధ్య అసలు తేడా లోపలి రబ్బరు సీళ్లలో ఉంది. మినరల్ ఆయిల్ బ్రేకుల్లో సాధారణంగా నైట్రైల్ రబ్బరు ఉంటుంది. డాట్ బ్రేకుల్లో ఈపీడీఎం అనే మరో రకం రబ్బరు వాడతారు. ఒకదానికి సరిపడే ద్రవం మరోదానికి పడదు. తప్పు ద్రవం తగిలితే సీలు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. దాంతో పిస్టన్ వెనక్కి రాదు, లేదా ఆయిల్ కారుతుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. కొన్ని రోజులో, వారాలో పడుతుంది. ‘పోశాం, బాగానే ఉందిగా’ అన్న ధైర్యం అందుకే ప్రమాదకరం.

వేడెక్కితే ఏమవుతుంది?

లివర్ నొక్కినప్పుడు ఆ ఒత్తిడి ద్రవం ద్వారా పిస్టన్‌కు చేరుతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కాబట్టే బ్రేకు పడుతుంది. ఆవిరి, గాలి అలా కాదు, అవి కుదించుకుపోతాయి. లోపల ద్రవం మరిగి ఆవిరైతే లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చినా చక్రం ఆగదు.

ఊళ్లో చదును రోడ్డు మీద ఈ బెడద తక్కువ. కానీ జంషెడ్‌పూర్ సముద్ర మట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంటే, స్వర్ణరేఖ అవతలి దల్మా కొండల శిఖరం 900 మీటర్లు దాటుతుంది. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు అనుకుందాం. నిలువునా 300 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 265 కిలోజౌళ్లు. 25 డిగ్రీల దగ్గర ఉన్న 800 మిల్లీలీటర్ల నీటిని మరిగే దశకు తేవడానికి అది చాలు. కొంత గాలి నిరోధంలో పోయినా, మెల్లగా బ్రేకు పట్టుకుని దిగితే ఎక్కువ భాగం రెండు పల్చటి డిస్కుల మీదే పడుతుంది. అరకు ఘాట్ దిగేవారికీ ఇదే లెక్క.

డాట్ ద్రవాలకు కనీస మరుగు స్థానాలు నిర్ణయించి ఉన్నాయి. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3కి 205, డాట్ 4కి 230, డాట్ 5.1కి 260 డిగ్రీల సెల్సియస్. అయితే ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. 3.7 శాతం నీరు చేరితే ఈ కనీస స్థాయిలు వరుసగా 140, 155, 180 డిగ్రీలకు పడిపోతాయి. వానాకాలం తేమ ఉండే ఊళ్లలో, నిరుడు మూత తీసిన సీసా ఈ ఏడాది వాడకూడదనేది అందుకే. డాట్ బ్రేకులో ఏడాదికోసారి ద్రవం మార్చడం మంచిది.

మినరల్ ఆయిల్ నీటిని పీల్చుకోదు. దానివల్ల ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ ఎలాగోలా లోపలికి చేరిన నీటి చుక్క అందులో కలవదు, బరువు వల్ల కింది భాగానికి దిగుతుంది. ఆ కింది భాగం, ఎక్కువ వేడెక్కే కాలిపరే. అక్కడ నీరు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మినరల్ ఆయిల్‌కు డాట్ లాంటి ఉమ్మడి ప్రమాణం కూడా లేదు. కాబట్టి ఏ కంపెనీ బ్రేకుకు ఆ కంపెనీ చెప్పిన ఆయిలే పోయడం క్షేమం.

ఫ్యాక్టరీ ఆయిల్ ఎందుకు వద్దు?

యంత్రాల హైడ్రాలిక్ ఆయిల్ కూడా చాలావరకు మినరల్ ఆయిలే కదా అన్న ప్రశ్న సహజం. తేడా చిక్కదనంలో ఉంది. వర్క్‌షాపుల్లో కనిపించే 46, 68 గ్రేడ్లు 40 డిగ్రీల వేడి దగ్గర ఆ ఆయిల్ చిక్కదనాన్ని చెబుతాయి. సైకిల్ బ్రేకు ఆయిల్ వీటికంటే చాలా పల్చన. సైకిల్ బ్రేకు గొట్టం లోపలి వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లే. అందులో చిక్కటి ఆయిల్ పోస్తే లివర్ వదిలినా పిస్టన్ త్వరగా వెనక్కి రాదు, ప్యాడ్లు డిస్క్‌కు రాసుకుంటూనే ఉంటాయి. వంట నూనె, బేబీ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ ఆలోచనే వద్దు.

ఎలా తేల్చుకోవాలి?

రంగును నమ్మొద్దు. షిమానో ఆయిల్ ఎర్రగా, మగురాది నీలంగా ఉంటుంది. అది కంపెనీ కలిపిన రంగు మాత్రమే. కంపెనీ పేరు ఒక్కటీ చాలదు. ఏళ్ల తరబడి డాట్ వాడిన స్రామ్, 2022లో డీబీ8, 2024లో మేవెన్ అనే మినరల్ ఆయిల్ బ్రేకులు తెచ్చింది. లివర్ మీదో, ఆయిల్ గిన్నె మూత మీదో ఉన్న అక్షరాలు చదవాలి. అవి చెరిగిపోతే, మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ మాన్యువల్ చూడాలి.

మీది డాట్ బ్రేకు అయితే సీతారాండేరా షాపులోని డాట్ 4 సీసా పనికొస్తుంది. మాన్యువల్ ఒప్పుకోవాలి, సీలు తీయని చిన్న సీసా కొనాలి, అంతే. డాట్ 5 మాత్రం వద్దు. అది సిలికాన్ ద్రవం, పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1తో కలవదు. డాట్ ద్రవం రంగును తినేస్తుంది, ఫ్రేము మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. మీది మినరల్ ఆయిల్ బ్రేకు అయితే షాపులో దొరకలేదని సర్దుకోకుండా, సరైన సీసా తెప్పించుకునేదాకా ఆగాలి.

ఇప్పటికే తప్పు ద్రవం పోసి ఉంటే దాన్ని తీసేసి సరైనది నింపినంత మాత్రాన సరిపోదు. తగిలిన సీళ్లన్నీ మార్చాలి. తక్కువ ధర బ్రేకులకు సీళ్లు విడిగా దొరకడం కష్టం కాబట్టి, చాలాసార్లు లివర్, గొట్టం, కాలిపర్ మొత్తం సెట్టే మార్చాల్సి వస్తుంది. ఒక చిన్న సీసా కోసం వారం ఆగడం కంటే అది ఎన్నో రెట్లు ఖరీదు. అప్పటిదాకా ఆ సైకిల్‌ను దిగుడు రోడ్డు మీదికి తీసుకెళ్లకూడదు.