జేబులో చాకు

ఉద్దానపు కొబ్బరితోటలో బొండము కొట్టుటకు పెద్దకత్తియే కావలెను. పెన్సిలు చెక్కుటకు, జామకాయ కోయుటకు, పురికొస తెంచుటకు జేబులో మడతచాకు చాలును.

కొనువారు సాధారణముగా మెరుపును చూతురు. ముందు చూడవలసినది కీలు. తెరచిన అలుగు అటునిటు ఊగరాదు. దానిని బిగించి నిలుపు ఏర్పాటు లేనిచో, పని నడుమ అలుగు ముడుచుకొని వ్రేలినే కోయవచ్చును.

పిమ్మట ఉక్కు. సాదా ఉక్కు సానపై సులువుగా పదునెక్కును. కాని కళింగపట్నము వంటి తీరమున ఉప్పుగాలికి త్వరగా త్రుప్పు పట్టును. తగినంత క్రోమియము కలిసిన ఉక్కు ఆ గాలికి చాలవరకు ఓర్చును.

మొద్దుబారినదే నిరపాయమనుట పొరపాటు. బలముగా నొక్కవలసి వచ్చినప్పుడు అదియే చేయి జారును.

పరులకు అందించునప్పుడు చాకును మడిచి ఇయ్యవలెను. ఈ మర్యాద నేర్చిన నాడే చాకు విద్యార్థి చేతికి తగును.