కాకి చదువు

పక్షులలో కాకి వలె మనుష్యునికి చేరువగా మసలుచు, కాకి వలె చిన్నచూపునకు గురియైనది మరియొకటి లేదు. రూపము నలుపు, గొంతు కఠోరము, తిండికి నియమము లేదు. నిందకు సైతము దాని పేరే వాడి "లోకులు కాకులు" అంటిమి. అయినను పితృకార్యమునాడు మన యిండ్లలో పిండమును ముట్టవలసినది కాకియే. పొంగలి మరునాడు కణుప్పిడి పేర తమిళ స్త్రీలు ఆకులలో రంగు రంగుల అన్నపు ముద్దలు ఉంచి పిలుచునది కాకినే. ధర్మపురిలో మనమును, మన తమిళ సోదరులును నిత్యము చూచుచుండు ఈ పక్షి బుద్ధిని గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొనిన సంగతులు కొన్ని మన బాలబాలికల తల్లిదండ్రులకు మనవి చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ప్రాంతమున కాకులు రెండు విధములు. మెడయు రొమ్మును బూడిద వన్నెగా నుండునది ఊరకాకి. నిలువెల్ల నల్లనై, ముక్కు లావుగా నుండునది బొంతకాకి. పొదలలో ఎఱ్ఱని రెక్కలతో తిరుగు జెముడుకాకి పేరునకే కాకి. అది కోకిల కుటుంబమునకు చెందినది. హొగేనకల్ వద్ద కావేరి బండలపై రెక్కలు చాచి ఆరబెట్టుకొను నీటికాకియు కాకి జాతిది కాదు.

కాకి తెలివి మన పెద్దలు ఎఱుగనిది కాదు. చెన్నపట్టణమున తెలుగు పండితులై వెలసిన పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో లఘుపతనకమను కాకి కలదు. వలలో చిక్కిన పావురములు వలతోనే ఎగిరిపోవుట చూచి, అది ఊరకుండక వాని వెంటబోయెను; ఎలుక వల కొఱికి వానిని విడిపించుట కన్నులార చూచి, అటువంటి మిత్రుడు తనకును కావలెనని ఎంచెను. ఇతరులకు వచ్చిన ఆపదను చూచి తాను పాఠము నేర్చుకొనుట ఈ కథలోని కాకి గుణము. నేటి శాస్త్రము నిజమైన కాకులయందు కనుగొనినదియు సరిగా ఈ గుణమునే.

అమెరికాలోని సియాటిల్ నగరమున, వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆవరణలో, జాన్ మార్జ్‌లఫ్ అను ఆచార్యుడు 2006లో ఒక పరీక్ష ప్రారంభించెను. ఆయన బృందమువారు వికారమైన ముసుగు ఒకటి ముఖమునకు తగిలించుకొని ఏడు కాకులను పట్టి, కాళ్ళకు గుర్తులు కట్టి విడిచిపెట్టిరి. అది మొదలు ఆ ముసుగు ధరించినవారు ఎవరు కనబడినను కాకులు తలపై తిరుగుచు గోల చేయసాగినవి. మనిషి మారినను, ముసుగు అదియే అయిన యెడల విడువలేదు. ముసుగు లేనివారి జోలికి పోలేదు. పట్టబడినవి ఏడే, కాని మొదటి కొన్ని ఏండ్లలో గోల చేయు కాకుల సంఖ్య పెరుగుచు వచ్చినది. పట్టుబడినప్పటికి పుట్టనైన పుట్టని పిల్ల కాకులు సైతము తలిదండ్రుల వెంట నుండి, "ఈ ముఖమును నమ్మరాదు" అను సంగతిని నేర్చుకొన్నవి. గ్రంథము లేదు, పలక లేదు. చదువు మాత్రము ఒక తరము నుండి మరియొక తరమునకు అందినది.

కరెంటు తీగపై ఒక కాకి చచ్చి పడినప్పుడు క్షణములో పదుల కొలది కాకులు చేరి అరచుట మనమందరము చూచినదే. దానిని మనము దుఃఖమని తలంతుము. దుఃఖము మాట యెట్లున్నను, అది ఒక పాఠశాల వంటిది కూడ. అదే విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, చచ్చిన కాకిని పట్టుకొని కనబడిన మనుష్యుని కాకులు వారములు గడచినను అనుమానింపసాగినవి; అటువంటి చోట మేత మేయుటకు సందేహించినవి. చావు ఎక్కడ వచ్చినదో, ఎవరి వలన వచ్చినదో గుర్తుంచుకొనుట వానికి ప్రాణరక్షణ.

కడవలో గులకరాళ్ళు వేసి నీరు పైకి తెచ్చిన కాకి కథ పిల్లలందరికి తెలిసినదే. ఇంగ్లండులో 2009లో కాకి జాతికే చెందిన రూక్ అను పక్షులకు ఈ పరీక్షయే పెట్టిరి. గాజు గొట్టములో నీటిపై తేలు పురుగును అందుకొనుటకు అవి రాళ్ళు వేసి నీటి మట్టమును పెంచినవి. చిన్న రాళ్ళకంటె పెద్ద రాళ్ళను ఎన్నుకొన్నవి. దక్షిణ పసిఫిక్ సముద్రములోని న్యూ కాలెడోనియా ద్వీపపు కాకులు మన మొగలి జాతి చెట్ల ఆకుల అంచులను చీల్చి, పురుగులను వెలికి తీయుటకు పనిముట్లు చేసికొనును. పిల్లలు నెలల తరబడి తలిదండ్రుల వెంటనుండి, వారి పనిముట్లతోనే అభ్యాసము చేయును. ఇంత చిన్న తలలో ఇంత బుద్ధి ఎట్లు పట్టెనను ప్రశ్నకు 2016లో సమాధానము దొరకినది. పక్షుల మెదడులో నాడీకణములు మిక్కిలి దట్టముగా కూర్చబడి యుండును. అందుచేత పరిమాణమున చిన్నదైనను కాకి మెదడు పనిలో చిన్నది కాదు.

మరి ఇంతటి తెలివిగల కాకి, కోకిల గ్రుడ్డును తనదని నమ్మి పొదుగుటేల? సంస్కృతమున కోకిలకు పరభృతమనియు, అనగా ఇతరులచే పెంచబడినదనియు, కాకికి పరభృత్తు, అనగా ఇతరులను పెంచునదనియు పేర్లు కలవు. కోకిల గ్రుడ్డు పరిమాణమున కొంచెము చిన్నదైనను రంగున కాకి గ్రుడ్డును పోలియుండును. ముందుగానే పొదుగబడి పిల్ల యగును. కోకిల గూటి దాపునకు వచ్చినచో కాకి తరిమికొట్టును. అనగా శత్రువును ఎఱుగును, శత్రువు గ్రుడ్డును ఎఱుగదు. రాయి విసిరినవాని కీడు కంటికి కనబడును. గ్రుడ్డు చేసిన మోసము కనబడదు. కన్నదాని నుండి నేర్చుకొనుటయే కాకి బలమైనప్పుడు, కననిది దాని బలహీనత యగుట సహజము.

అన్ని పక్షుల నేర్పును కాకి నేర్పు వంటిది కాదు. బావులపైకి వంగిన కొమ్మలకును, తాటి మట్టలకును గిజిగాడు గూళ్ళు వ్రేలాడగట్టును. సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ (1896–1987) బొంబాయి దాపున కిహీం గ్రామమున ఈ పక్షిని శ్రద్ధతో గమనించెను. గూడు అల్లువాడు మగవాడు. సగము అల్లిన పిమ్మట ఆడ పక్షి వచ్చి పరీక్షించును. దానికి నచ్చినచో మగవాడు గూటిని పూర్తిచేసి, మరియొక గూటికి పూనుకొనును. అల్లిక పుట్టుకతో వచ్చిన విద్యయే. అయినను వయసు రాని మగ పక్షులు అల్లినవి వంకర టింకరగా నుండును. పుట్టు విద్యకును అభ్యాసము కావలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో కాకిని ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్చిరి. 2022లో వచ్చిన సవరణ చట్టము ఆ పట్టికనే తొలగించినది. చట్టము మారినది; ఉండేలు పట్టిన బాలుని చేయి మారవలసి యున్నది. కాకి ఆ బాలుని ముఖమును మరచునని ఎవరును తలపవలదు.

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట ఒకటి. మన పిల్లలు గిజిగానిని చూచి తూక్కణాంగురువి అందురు. జెముడుకాకిని శెంబోత్తు అందురు. పాలపిట్టను పనంగాడై అందురు. ఆ పేర్లును చక్కనివే, అవి రావలెను. కాని తెలుగు పేరు పిల్లవానికి వీధి నేర్పదు, బడి కొంత నేర్పును; మిగిలినది ఇల్లు నేర్పవలెను. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి యనియు, రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి యనియు వారు చదివి వ్రాయగలరు. కాని చెట్టుపై వాలినప్పుడు ఆ పేరుతో పిలువలేనిచో ఆ చదువు వలన లాభమేమి? సెలవు దినమున సాయంకాలము ఒక గడియ వారిని చెఱువు గట్టునకో, మామిడి తోటకో తీసికొనిపోయి, కనబడిన ప్రతి పిట్టకు రెండు భాషలలోను పేరు చెప్పించుడు. మనకు తెలియని పేరును ఇంటిలోని అవ్వను, తాతను అడిగి తెలిసికొందము. వారు చెప్పగలిగి యున్న కాలముననే అడుగుట మంచిది.