కృష్ణా డెల్టా సమతలంలో మాగ్నం తూటాల ఎంపిక: 7 మి.మీ. రెమింగ్టన్, .300 వించెస్టర్‌ల తారతమ్య పరిశీలన

వ్యాససంగ్రహం: ఇంచుమించు సమానమైన రెండు మాగ్నం రైఫిల్ తూటాలలో ఒకదానిని ఎంచుకోవడానికి ఆధారమయ్యే భౌతికసూత్రాలను వివరించి, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల భూస్వరూపం, భారతీయ చట్టాలు ఆ ఎంపికను ఎట్లా ప్రభావితం చేస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తూటా, గుండు, మాగ్నం, ప్రతిఘాతం, మంచె, కృష్ణా డెల్టా.

1. పదాల సంగతి

‘తూటా దూసుకెళ్ళింది’ అని పత్రికలు రాస్తుంటాయి. నిజానికి దూసుకెళ్ళేది గుండు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, మూతి దగ్గరి గుండు - ఈ నాలుగూ కలిస్తే తూటా. ‘మాగ్నం’ అంటే లాటిన్‌లో పెద్దది. అదే వ్యాసం గల గుండుకు మామూలు కంటే ఎక్కువ మందు పట్టే తూటాకు ఆ పేరు వాడుకలోకి వచ్చింది. దానికి కచ్చితమైన శాస్త్రీయ నిర్వచనం లేదు, వ్యాపారనామమనడమే న్యాయం.

2. రెండు తూటాలు

ఇంగ్లండుకు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో రూపొందించిన .375 మాగ్నం తూటాకు అడుగున ఒక పట్టీ ఉంటుంది. 1962లో వచ్చిన 7 మి.మీ. రెమింగ్టన్, 1963లో వచ్చిన .300 వించెస్టర్ ఆ వంశానివే. ఏటవాలుగా సన్నబడే పాత గొట్టానికి తుపాకి గదిలో నిలకడ ఇవ్వడానికి పట్టీ అవసరమైంది. తరువాతి వాటిలో ఆ పనిని గొట్టం భుజమే చేయగలదు గనుక, పట్టీ వారసత్వంగా మిగిలిపోయిన అలంకారం.

మొదటిదాని గుండు వ్యాసం 7.21 మి.మీ., రెండవదానిది 7.82 మి.మీ. సాధారణంగా 7 మి.మీ. తూటా 10.4 గ్రాముల గుండును, .300 తూటా 11.7 గ్రాముల గుండును సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పంపుతాయి. గతిశక్తి వరుసగా 4,200, 4,700 జౌళ్ళ ప్రాంతం. అంటే తేడా ఎనిమిదో వంతుకు మించదు. ఒకే తీరు గుండ్లు వాడితే 400 గజాల దూరంలో కూడా వాటి దిగుడులో తేడా కొద్ది సెంటీమీటర్లే. చాలామంది చేతి వణుకు అంతకంటే ఎక్కువ.

అసలు భేదం భుజానికి తెలుస్తుంది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం గుండు, మందు వాయువులు ముందుకు మోసుకుపోయినంత ద్రవ్యవేగం తుపాకికి వెనక్కు అందుతుంది. ప్రతిఘాతశక్తి ఆ ద్రవ్యవేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కనుక 3.6 కిలోల తుపాకిలో 7 మి.మీ. తూటాకు సుమారు 30 జౌళ్ళు, .300కు సుమారు 40 జౌళ్ళు లెక్కకు వస్తాయి. గుండుకు ఎనిమిదో వంతు లాభం, భుజానికి మూడో వంతు నష్టం. దెబ్బకు భయపడి కన్ను మూసేవాడు గురి తప్పుతాడు. గాయపడిన జంతువు తప్పించుకుపోవడం వేటలో అన్నిటికంటే హేయమైన ఫలితం. ఈ కారణంగా సామాన్య వినియోగానికి 7 మి.మీ. తూటాయే మేలు. మరింత బరువైన గుండు అవసరమయ్యే పెద్ద జంతువులకు మాత్రమే .300కు సార్థకత ఉంది.

3. నేల చెప్పే మాట

ఈ లెక్కలన్నీ కొండలు, విశాలమైన నిర్జన ప్రదేశాలు ఉన్న దేశాలలో రూపుదిద్దుకున్నవి. తెనాలి నుంచి రేపల్లె వరకు, అటు బాపట్ల తీరం వరకు నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. గుండును ఆపే గుట్ట లేదు. ఊరి వెనుక ఊరు. మాగ్నం గుండు కాస్త ఎత్తుగా వెళితే నాలుగు కిలోమీటర్లు దాటగలదు.

నిలబడి, నేలకు 1.5 మీటర్ల ఎత్తు నుంచి 150 మీటర్ల దూరంలోని నేలకు గురిపెడితే గుండు దిగే కోణం సుమారు అర డిగ్రీ. అంత తక్కువ కోణంలో నీరు నిలిచిన వరిమడిని, కాలువను తాకిన గుండు ఎగసి మళ్ళీ ప్రయాణించగలదు. నాలుగు మీటర్ల మంచె మీద నుంచి 40 మీటర్ల దూరానికి కాలిస్తే కోణం దాదాపు ఆరు డిగ్రీలు, అంటే పదింతలు. మెత్తని నేలలో గుండు దిగబడే అవకాశం చాలా ఎక్కువ. పాత వేటగాళ్ళు మంచెను ప్రాణరక్షణకే వాడారనుకుంటాం గాని, అది చుట్టుపక్కలవారికీ రక్షణే. అయితే 40 మీటర్ల దూరానికి మాగ్నం శక్తి అనవసరం. డెల్టాలో ఈ తూటాకు చోటు లేదనడానికి ఇంతకంటే బలమైన వాదన అక్కరలేదు.

4. చట్టం, క్రీడ

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) వేటను నిషేధించింది. పంటను నాశనం చేసే అడవిపంది విషయంలో కూడా 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వక ఉత్తర్వు కావాలి. రైతు తనంతట తాను కాల్చరాదు. ఆయుధ చట్టం (1959) ప్రకారం లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక వ్యక్తికి రెండు తుపాకులకే అనుమతి. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పటి నుంచి బాపట్ల, రేపల్లె వాసులు ఒక కలెక్టరేటుకు, తెనాలి వాసి గుంటూరుకు వెళ్ళవలసి ఉంటుంది. అక్కడ అనుమతి లభించినా, దేశంలో తయారయ్యే ప్రసిద్ధమైన క్రీడా రైఫిల్ తూటా .315. సైన్యపు తూటాలు ప్రజల తుపాకులలో పనిచేయకూడదనే వలసపాలన నాటి జాగ్రత్త నుంచి పుట్టిన కొలత అది.

లక్ష్యసాధనకు మాగ్నం మరీ దూరం. మందు ఎక్కువైనకొద్దీ గొట్టపు గొంతు త్వరగా అరిగిపోతుంది. ప్రతిఘాతం దీర్ఘసాధనను సాగనివ్వదు. ఒలింపిక్ రైఫిల్ పోటీలలో 10 మీటర్లకు 4.5 మి.మీ. గాలితుపాకి, 50 మీటర్లకు 5.6 మి.మీ. తూటా వాడతారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది గాలితుపాకితోనే. 5.6 మి.మీ. చిన్న తూటా గుండు కూడా కిలోమీటరున్నర దూరం పోగలదు. కాబట్టి డెల్టాలో ఎవరైనా 50 మీటర్ల శిక్షణాస్థలం నిర్మించదలిస్తే, తుపాకి కొనకముందు వేయవలసింది లక్ష్యాల వెనుక ఎత్తయిన మట్టికట్ట.